ఉక్కపోత ముదరకముందే మందుల డబ్బా ఓసారి తీయండి

విజయవాడలో 44 డిగ్రీలట, మనకి 35 దాటలేదు కదా అని విశాఖవాళ్లం ఏటా ధీమాగా ఉంటాం. ఆ లెక్కే మోసం. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. మన దగ్గర సముద్రం మీంచి వచ్చే తేమకి చెమట కారడమే తప్ప ఆరడం ఉండదు.

తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ వేడినీ తేమనీ కలిపి చూపుతుంది. అది 35 డిగ్రీలు చూపేదాకా మనిషి ఓర్చుకోగలడని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల మీద పరీక్షించి, తేమగాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పుతోందని 2022లో చెప్పారు. మామూలు థర్మామీటర్ 35 చూపిస్తూ గాలిలో తేమ 75 శాతం ఉంటే ఆ 31 వచ్చేసినట్టే. అరవై దాటినవాళ్లు అంత కూడా ఓర్చుకోలేరు.

మాది కంచరపాలెంలో చిన్న మందుల షాపు. నిరుడు మే నెలలో మా వీధి మామ్మగారు కరెంటు పోతుందన్న భయంతో ఇన్సులిన్ సీసాలు డీప్ ఫ్రిజ్‌లో పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే కొంగులో కట్టుకొచ్చి, "గడ్డకట్టేసింది బాబూ, కరిగించి వేసుకోనా?" అన్నారు. "వద్దు మామ్మగారూ, పారేయాల్సిందే" అంటే ఆవిడ మొహం చూడలేకపోయాను. మూడు సీసాలు. తప్పు నాదే, అమ్మేటప్పుడు ఒక్క మాట చెప్పాల్సింది.

ఇప్పుడు అందరికీ చెప్తున్నాను. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఓ పూట కరెంటు పోయిందని మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. మూత తీయని కొన్ని రకాల హ్యూమన్ ఇన్సులిన్ 25 డిగ్రీల్లో ఆరు నెలలు, 37 డిగ్రీల్లో రెండు నెలలు ఉంచినా బలం పెద్దగా తగ్గదని 2023లో కోక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) సమీక్ష తేల్చింది. మీది ఏ రకమో అట్ట మీద చూసుకోండి, లేదా షాపులో అడగండి. ఎండలో ఆపిన కారులో, స్కూటీ డిక్కీలో మాత్రం వదలొద్దు. తడి ఇసుక పోసిన కుండలో ఇన్సులిన్ పెట్టుకోవడం మంచి ఉపాయమే గానీ, ఆ కుండ కూడా నీరు ఆరితేనే చల్లబడేది. పొడిగాలి ఊళ్లలో తగ్గినంత వేడి ఇక్కడ తగ్గదు.

బీపీకి, గుండెకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు ఏప్రిల్ రాకముందే డాక్టరుగారిని ఒకటే అడగండి: ఎండాకాలంలో ఇదే డోసు ఉంచాలా అని. సొంతంగా మానేయకండి. షుగరుకి పేరు చివర "గ్లిఫ్లోజిన్" అని ఉండే మాత్రలు వేసుకునేవాళ్లకి వాంతులో విరేచనాలో పట్టుకుంటే వెంటనే ఫోన్ చేసి కనుక్కోవాలి. నీరు తగ్గిన ఒంటికి నొప్పి మాత్రలు తోడైతే కిడ్నీల మీద పడుతుంది. కౌంటర్లో వీటి కోసం వచ్చినంతమంది దేనికీ రారు.

ఫ్యాన్ గురించి ఓ మంచి మాట. సిడ్నీ యూనివర్సిటీవాళ్లు 2019లో కొద్దిమంది యువకుల మీద చూస్తే, 40 డిగ్రీల తేమవేడిలో ఫ్యాన్ మేలు చేసింది, 47 డిగ్రీల పొడివేడిలో కీడు చేసింది. కాబట్టి మన ఉక్కకి ఫ్యాన్ సాయమే. చేతులు, మెడ తడుపుకుని కూర్చుంటే ఇంకా నయం.

ఓఆర్ఎస్ కొనేటప్పుడు పేరు కాదు, ప్యాకెట్ వెనక చూడండి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అంటే లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకో రెండు లవణాలు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడాక, తీపి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేయకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) ఆదేశించింది. లీటరు ప్యాకెట్‌ని గ్లాసుడు నీళ్లలో కలిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది మందు కాదు, ఉప్పునీళ్లు.

వైశాఖంలో సింహాచలం చందనోత్సవానికి వెళ్తారు కదా, క్యూలో గంటలు గడిచిపోతాయి. పెద్దవాళ్లని ఒంటరిగా పంపకండి. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా అది నీరసం కాదు, వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వచ్చేదాకా చూస్తూ కూర్చోకుండా నీడకి లాగి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు.