గుడ్డూ పాలూ లేని స్వీడన్ పాన్‌కేక్: చిరగకుండా తిప్పేదెలా?

ముందే చెప్పేస్తున్నా, తేనె కారుతూ దిండులా ఉబ్బే అమెరికా పాన్‌కేక్ గురించి కాదు ఇది. స్వీడన్‌లో దీన్ని పన్‌కాకా అంటారు. పల్చగా, మధ్యలో మెత్తగా, అంచుల దగ్గర కొంచెం కరకరలాడుతూ ఉంటుంది, జామ్ వేసుకుని చుట్టుకు తినేస్తారు. మామూలుగా అందులో పడేవి మైదా, మూడు గుడ్లు, 600 మిల్లీలీటర్ల పాలు, వెన్న. ఈ నాలుగింటిలో మూడు తీసేసి, మిగిలిన మైదాతో మళ్ళీ అదే రుచి రావాలంటే ఎలా అన్నదే మన గొడవంతా.

నేను గోథెన్‌బర్గ్‌లో ఉంటాను. ఇక్కడ గురువారం వచ్చిందంటే చాలా క్యాంటీన్లలో పసుపు బఠాణీల సూప్, దాని వెనకే పన్‌కాకా. సైన్యంలోనూ అంతే. శుక్రవారం ఉపవాసం ఉండే కేథలిక్ కాలంలో ముందురోజే కడుపు నిండా తినడం కోసం మొదలైందని చెబుతారు. 16వ శతాబ్దంలో దేశం ప్రొటెస్టెంట్ అయిపోయింది, ఉపవాసం పోయింది, గురువారం సూప్ మాత్రం మిగిలిపోయింది. మా పెద్దమ్మాయి వీగన్ అయినప్పుడు, అంటే మాంసం, గుడ్డుతో పాటు పాల సరుకులు కూడా మానేసినప్పుడు, ఇంట్లో ఆగిపోతుందేమో అని అందరూ బెంగపడింది ఈ గురువారం పన్‌కాకా గురించే.

మా అత్తయ్యగారు వచ్చినప్పుడల్లా గుడ్డు లేకుండా చేసేదాన్ని కాబట్టి నాకేం కష్టం అనుకున్నా. కానీ ఎగ్‌లెస్ వేరు, వీగన్ వేరు. మనవాళ్ళు గుడ్డు తీసేసి నెయ్యి వేసి వీగన్ అనేస్తారు, అలా అనకండి, నెయ్యి పాలదే. వెన్న, పాలు ఉన్నప్పుడు సర్దుకుపోయిన తప్పులన్నీ అవి తీసేశాక బయటపడ్డాయి. మొదటి నెలలో నేను చేసినవి పన్‌కాకాలు కావు, తీపి ఉప్మా. ఇప్పుడు వాట్సాప్‌లో స్నేహితులు పంపే ఫొటోల్లోనూ అదే ఉప్మా కనిపిస్తోంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

ముందు సరుకులు

మైదా 180 గ్రాములు, శనగపిండి రెండు టేబుల్‌స్పూన్లు, కార్న్‌ఫ్లోర్ ఒక టేబుల్‌స్పూన్ (తెల్లగా ఉండేది, పసుపు రంగు మొక్కజొన్న పిండి కాదు), ఉప్పు అర టీస్పూన్, పంచదార ఒక టీస్పూన్, ఓట్ మిల్క్ 550 మిల్లీలీటర్లు, వాసన లేని నూనె మూడు టేబుల్‌స్పూన్లు. 24 సెంటీమీటర్ల పాన్‌లో పదో పదకొండో వస్తాయి. పాన్‌కి చిన్న అంచు ఉండాలి, మన అట్ల పెనం పనికిరాదు, పిండి పొయ్యి మీదకి పోతుంది. జల్లెడ, విస్క్, పల్చటి వెడల్పాటి అట్లకాడ, చిన్న గరిటె. అంతే, ఇంకేం కొనక్కర్లేదు.

శనగపిండి గుడ్డు చేసే పనిలో కొంత చేస్తుంది, ప్రొటీన్ ఉంది, ఆ లేత పసుపు రంగూ వస్తుంది. రెండు స్పూన్లు అంటే రెండే. మూడోది వేస్తే పచ్చి వాసన, నాలుగోది వేస్తే అది బజ్జీల పిండి.

ఓట్ మిల్క్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది ఈ ఊళ్ళ సరుకే. లుండ్ యూనివర్సిటీలో రికార్డ్ ఓస్తె అనే ఆహార శాస్త్రవేత్త 1990ల మొదట్లో చేసిన పని అది, తర్వాత ఓట్లీ కంపెనీ అయింది. ఓట్స్‌లోని పిండిపదార్థాన్ని ఎంజైములతో విడగొడతారు, అది మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. అందుకే పంచదార వేయకపోయినా ఆ పాలు తియ్యగా ఉంటాయి, అందుకే అట్టు మంచి గోధుమ రంగుకి తిరుగుతుంది. ఇంట్లో ఓట్స్ నానబెట్టి మిక్సీ వేసి వడకట్టిన పాలు వాడొద్దు. వాటిలో ఆ పిండిపదార్థం అలాగే ఉంటుంది, వేడి తగలగానే గంజిలా జిగురు కడుతుంది. ఓట్ మిల్క్ దొరక్కపోతే తీపి కలపని సోయా పాలు వాడండి. కొబ్బరి పాలతో కూడా బాగుంటుంది, కాదనను, కానీ దాన్ని పన్‌కాకా అని మాత్రం పిలవకండి.

అరటిపండు నలిపి వేస్తే గుడ్డు అక్కర్లేదని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వేసి చూశాను. పెనానికి అంటుకుంటుంది, రంగు తొందరగా మాడుతుంది, ఏ జామ్ పెట్టినా నోట్లో అరటిపండే తగులుతుంది. అవిసె గింజల పొడి నానబెట్టి వేస్తే జిగురు, పైగా అట్టు నిండా గోధుమ రంగు చుక్కలు. బేకింగ్ పౌడర్ అయితే అసలే వద్దు, పల్చటి అట్టులో బుడగలు లేచి అక్కడక్కడే చిరుగుతుంది. వెనీలా కూడా వద్దు. అదెందుకని అడిగితే కారణం చెప్పలేను, నాకు నచ్చదు.

కలపడం

పిండ్లు, ఉప్పు, పంచదార జల్లించి, ముందు సగం పాలే పోసి నున్నగా అయ్యేదాకా విస్క్‌తో కలపండి. చిక్కగా ఉన్నప్పుడే ఉండలు చితుకుతాయి, పాలన్నీ ఒకేసారి పోస్తే అవి చేపపిల్లల్లా తప్పించుకు తిరుగుతాయి. తర్వాత మిగతా పాలు, నూనె. నున్నగా అయ్యాక ఆపేయండి, ఇంకా గిలక్కొడితే అట్టు రబ్బరులా సాగుతుంది.

అరగంట మూత పెట్టి వదిలేయండి. పిండి పాలు పీల్చుకోవాలి. దోసె పిండికి రాత్రంతా ఆగే మనం దీనికి అరగంట ఆగలేమంటే ఏమనాలి! అరగంట తర్వాత చూస్తే దోసె పిండి కంటే బాగా పల్చగా, మజ్జిగ కంటే కాస్త చిక్కగా ఉండాలి. చిక్కబడితే కొంచెం పాలు. పల్చనైతే మైదా నేరుగా చల్లొద్దు, చిన్న గిన్నెలో కొంచెం పిండితో కలిపి అప్పుడు పోయండి. ఇంకోటి, కార్న్‌ఫ్లోర్ అడుగున పేరుకుంటుంది కాబట్టి ప్రతి అట్టుకీ ముందు అడుగు నుంచి ఒకసారి కలపాలి.

ఇక అసలు సంగతి, తిప్పడం

గుడ్డు ఉన్న అట్టు పిల్లలైనా తిప్పేస్తారు. గుడ్డులోని ప్రొటీన్ వేడికి బిగుసుకుని వలలా పట్టేసుకుంటుంది కాబట్టి అట్టు పొయ్యి మీద ఉండగానే గట్టిగా ఉంటుంది. మనకి ఆ వల లేదు. మన అట్టుని పట్టి ఉంచేది మైదాలోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్, ఉడికిన పిండిపదార్థం. ఉడికిన పిండిపదార్థం వేడి మీద మెత్తగా ఉండి, చల్లారాకే గట్టిపడుతుంది, గంజి చూడండి, అంతే. అంటే మనం అట్లకాడ పెట్టే సమయానికే అట్టు అన్నిటికంటే బలహీనంగా ఉంటుందన్నమాట. చాలామంది ఇది తెలియక బైండింగ్ చాలలేదని ఇంకో స్పూన్ శనగపిండి, ఇంకో స్పూన్ ఇంకేదో కలుపుతూ పోతారు. బైండింగ్ చాలకపోవడం కాదు, మీరు ఆగలేదు.

పాన్ మధ్యస్థం కంటే కాస్త పెద్ద మంట మీద వేడెక్కాలి. ఒక నీటి చుక్క వేస్తే అది సుర్రుమని ఆవిరైపోకుండా ముత్యంలా అటూ ఇటూ పరిగెత్తితే ఇనప పాన్ సిద్ధంగా ఉన్నట్టు. నాన్‌స్టిక్ అయితే ఖాళీగా అంత కాల్చకండి, చుక్క చిటపటలాడితే చాలు. అర టీస్పూన్ నూనె వేసి పేపర్‌తో పాన్ అంతా రుద్దండి, ప్రతి అట్టుకీ రుద్దాలి, మొదటిదానికి మాత్రమే కాదు. అలవాటు కొద్దీ సగం ఉల్లిపాయతో రుద్దకండి. మా చెల్లి అలాగే రుద్దింది. స్ట్రాబెర్రీ జామ్‌తో ఉల్లి వాసన వేసే పన్‌కాకా తిన్న ఇల్లు బహుశా మాదొక్కటే.

ఇప్పుడు పాన్‌ని పొయ్యి మీంచి చేత్తో ఎత్తి, 70 మిల్లీలీటర్ల పిండి, అంటే చిన్న గరిటెడు, మధ్యలో పోసి, వెంటనే పాన్‌నే గుండ్రంగా వంచుతూ పిండి అంతటా పాకేలా చేయాలి. గరిటె పాన్‌ని తాకకూడదు. చిన్నప్పట్నుంచి దోసెలు పోసిన చెయ్యి ఊరుకోదు, గరిటె అడుగుతో గుండ్రంగా రుద్దబోతుంది, నాకైతే ఆ చెయ్యిని ఆపడానికే రెండు వారాలు పట్టింది. రుద్దితే కింద అప్పటికే పట్టిన పొర చిరుగుతుంది, ఆ చిరుగు అప్పుడు కనబడదు, తిప్పేటప్పుడు కనబడుతుంది. మధ్యలో చిల్లు మిగిలితే ఒక చుక్క పిండి వేసి పూడ్చేయండి.

తర్వాత చేతులు కట్టుకోండి. నిజంగానే అంటున్నా. పైభాగం ముందు తడిగా మెరుస్తూ ఉంటుంది. అంచు నుంచి మధ్యకి ఆ మెరుపు పోతూ వస్తుంది, చివరికి రూపాయి బిళ్ళంత తడి మధ్యలో మిగులుతుంది, అదీ పోతుంది. ఈలోగా అంచులు గోధుమ రంగుకి తిరిగి తమంతట తామే పైకి లేస్తాయి. నా పొయ్యి మీద రెండు నిమిషాల లోపే అవుతుంది, మీ పొయ్యి నాకు తెలియదు కాబట్టి గడియారం కాదు, మెరుపు చూడండి. ఈ మధ్యలో "కింద ఎంత కాలిందో చూద్దాం" అని ఒక మూల ఎత్తి చూసేవాళ్ళు ఉంటారు, మా ఆయన లాంటివాళ్ళు. ఆ ఒక్క ఎత్తడంతోనే సగం అట్లు పోతాయి. పొర ఇంకా ఊడిరాని చోట మడత పడి, అక్కడి నుంచే చీలిక మొదలవుతుంది.

మెరుపు మొత్తం పోయాక అంచు చుట్టూ అట్లకాడ కొసతో ఒకసారి తిరగండి, తర్వాత పాన్ పట్టుకుని చిన్నగా ఊపండి. అట్టు మొత్తం ఒక్కటిగా జారితే తిప్పొచ్చు. జారకపోతే తిప్పకూడదు, ఇంకో పావు నిమిషం ఆగి మళ్ళీ ఊపండి. జారని అట్టుని గీకి తీయాలని చూడొద్దు, కింద ఎర్రగా కాలిన పొర తయారయ్యాక అదే వదులుతుంది.

తిప్పేటప్పుడు అట్లకాడ మూల కిందకి కాదు, అట్టు మధ్య దాటి అవతలిదాకా వెళ్ళాలి. పాన్‌కి దగ్గరగానే, పుస్తకంలో పేజీ తిప్పినట్టు, తొందరగా ఒక్క ఊపులో. గాల్లోకి ఎగరేయడాలు గుడ్డు ఉన్నవాళ్ళకి. రెండో వైపు అర నిమిషం చాలు. ప్లేట్‌లోకి జార్చాక వెంటనే చుట్టకండి, రెండు నిమిషాలు వదిలేయండి, ఆ రెండు నిమిషాల్లోనే అది గట్టిపడేది. ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఆవిరికి మెత్తబడి బాగా చుట్టుకుంటాయి.

మొదటిది పోతుంది. మా అమ్మ దోసెలకి అనే మాటే, మొదటి అట్టు పెనానిది. రెండోది కూడా పోతే మంట చూసుకోండి. మూడోది కూడా పోతే పిండి పల్చనై ఉంటుంది. అప్పడంలా పెళుసుగా వస్తే మంట తక్కువై అట్టు ఉడకడానికి బదులు ఎండిపోతోందని అర్థం.

దేంతో తినాలి

ఇక్కడ పిల్లలకి స్ట్రాబెర్రీ జామ్. నాకైతే లింగొన్ కావాలి, అడవుల్లో కాసే పుల్లటి ఎర్రటి చిన్న పండు. దాన్ని ఉడికించకుండా పంచదార వేసి కలిపి పెట్టినా నిలవ ఉంటుంది, అందులో సహజంగానే బెంజోయిక్ యాసిడ్ ఉంది. హైదరాబాద్‌లో ఉంటే హైటెక్ సిటీ ఐకియాలో లింగొన్ జామ్ దొరుకుతుంది. దొరకనివాళ్ళు వాక్కాయలు గింజలు తీసి పంచదారతో ఉడికించుకోండి. ఆ పులుపూ ఎరుపూ చాలా దగ్గరగా ఉంటాయి, ఒకసారి ఊరి నుంచి తెచ్చుకున్న వాక్కాయ జామ్ పెడితే పక్కింటి స్వీడన్ ఆవిడ రెండోసారి వేయించుకుంది. మార్జరిన్ రాసుకునేట్టయితే లేబుల్ చదవండి, కొన్నిట్లో వే పౌడర్ ఉంటుంది, అది పాల సరుకే.

ఇదే పిండిని ఓవెన్‌లో పెట్టి ఉబ్బే రకం చేద్దామనుకోకండి. అది ఉబ్బేది ముఖ్యంగా గుడ్డు వల్ల, మనకి వచ్చేది దిబ్బరొట్టె కూడా కాదు, తడి అట్టముక్క.

గుంత పొంగనాల పెనం ఉందా?

ఉంటే డెన్మార్క్ వాళ్ళ ఏబ్లెస్కీవర్ చేయొచ్చు. డిసెంబర్‌లో క్రిస్మస్‌కి చేసుకునే గుండ్రటి పాన్‌కేకులు, పేరుకి యాపిల్ ముక్కలని అర్థం, ఇప్పుడు మాత్రం యాపిల్ లేకుండానే చేసుకుంటారు ఎక్కువగా. వాళ్ళ పెనం చూస్తే మన పెనమే ఓడెక్కి వెళ్ళిందేమో అనిపిస్తుంది. మైదా 200 గ్రాములు, ఓట్ మిల్క్ 250 మిల్లీలీటర్లు, ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం, అర టీస్పూన్ వంట సోడా, రెండేసి టేబుల్‌స్పూన్ల నూనె, పంచదార, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి. ఏలకులు నా సొంత కల్పన కాదు, వాళ్ళే వేసుకుంటారు. ఇది ఇడ్లీ పిండిలా చిక్కగా ఉంటుంది, నానబెట్టొద్దు, సోడా బలం పోతుంది.

మనం పొంగనాన్ని ఒకేసారి బోర్లా తిప్పేస్తాం. దీన్ని అలా కాదు, అడుగు గట్టిపడగానే పుల్లతో పావు వంతు మాత్రం తిప్పితే లోపలి పచ్చిపిండి గుంతలోకి జారుతుంది, అది గట్టిపడ్డాక ఇంకో పావు. అలా మూడు నాలుగు సార్లు తిప్పితే బంతిలా గుండ్రంగా వస్తుంది. వాళ్ళు అల్లిక సూదితో తిప్పుతారు, నేను పాత చాప్‌స్టిక్ వాడతాను. పైన పంచదార పొడి జల్లి, జామ్‌లో ముంచుకుని వేడివేడిగా తినేయాలి, చల్లారితే బాగోవు, డబ్బాలో పెట్టి ఆఫీసుకి తీసుకెళ్ళడం దండగ. పన్‌కాకాలు మాత్రం ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి, ఖాళీ పాన్ మీద ఒక్కో వైపు పది సెకన్లు వేస్తే సరి.