గునపం కింద రాయి ఎక్కడ పెట్టాలి: మీట పనిచేసే తీరు, దానిని వాడే పద్ధతి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత, ఉద్దానం ఊళ్లలో కూలిన కొబ్బరి చెట్లు దారులకూ వాకిళ్లకూ అడ్డంగా పడి ఉండేవి. యంత్రాలు పెద్ద రోడ్లను దాటి సందుల్లోకి రావడానికి ఆలస్యమైంది కనుక, మా వీధిలో మొద్దులను గునపాలతోనే కదిలించుకున్నాము. నలుగురు యువకులు చేతులతో పట్టి కదపలేకపోయిన ఒక మొద్దు కింద ఒక పెద్దాయన గునపం మొన దూర్చి, దాని కింద ఒక రాయి పెట్టించి, "ఆ రాయిని ఇంకొంచెం లోపలికి తొయ్యండి బాబూ" అని రెండుసార్లు సర్దించి, ఆ తరువాత ఒక్కడే గునపాన్ని కిందికి నొక్కాడు. మొద్దు లేచింది. ఆ రాయిని లోపలికి తోయించడంలో ఉన్న లెక్కను, దానిని మన పనుల్లో వాడుకునే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను.

ఒక చోట ఆని, ఆ చోటు చుట్టూ తిరిగే గట్టి కడ్డీ ఏదైనా మీటే. అది ఆనిన చోటును ఆధారం అంటారు. లేపవలసిన బరువు భారం, మనం ప్రయోగించేది బలం. ఆధారం నుండి భారం వరకు ఉన్న దూరం భారభుజం, ఆధారం నుండి మన చేతుల వరకు ఉన్న దూరం బలభుజం. భారాన్ని భారభుజంతో గుణిస్తే వచ్చేది, బలాన్ని బలభుజంతో గుణిస్తే వచ్చేదానికి సమానమైనప్పుడు మీట తూగుతుంది. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలోనే ఆర్కిమెడీస్ లెక్కగా నిరూపించిన ఈ సూత్రం ఒక్కటి చేతిలో ఉంటే చాలు.

నరికి కుదించిన కొబ్బరి మొద్దు 300 కిలోలు ఉందనుకుందాం. రెండో కొస నేల మీదే ఉంటుంది కనుక ఒక కొసను లేపడానికి సుమారు 150 కిలోల భారాన్ని ఎత్తితే సరిపోతుంది. గునపం పొడవు 5 అడుగులు, అంటే సుమారు 150 సెంటీమీటర్లు. రాయిని మొన నుండి 50 సెంటీమీటర్ల దూరంలో పెడితే మన వైపు 100 సెంటీమీటర్లు మిగులుతుంది, బలభుజం భారభుజానికి రెండింతలు, అంటే మీట వల్ల లాభం రెండింతలే, కాబట్టి ఒక నిండు మనిషి బరువంత, 75 కిలోల బలంతో నొక్కాలి. అదే రాయిని 30 సెంటీమీటర్ల దగ్గరికి జరిపితే లాభం నాలుగింతలై 38 కిలోల బలం సరిపోతుంది. 15 సెంటీమీటర్ల దగ్గర పెడితే లాభం తొమ్మిదింతలు, 17 కిలోల బలం చాలు. గునపం పొడవు పెరగలేదు, మనిషి మారలేదు, రాయి మాత్రమే జరిగింది. పైగా ఈ అమరికలో గునపం సొంత బరువులో ఎక్కువ భాగం మన వైపే ఉంటుంది కనుక అది కూడా మనకు సాయపడుతుంది.

అయితే ఈ లాభం ఊరికే రాదు. తొమ్మిదింతల లాభం ఉన్నప్పుడు మన చెయ్యి 45 సెంటీమీటర్లు కిందికి దిగితే మొద్దు 5 సెంటీమీటర్లు మాత్రమే లేస్తుంది. తగ్గిన బలానికి బదులు దూరాన్ని చెల్లిస్తున్నాము. అందుచేత ఒకే ఊపులో ఎత్తాలని చూడకుండా, లేచిన ప్రతిసారీ రెండో మనిషి మొద్దు కింద చెక్కముక్కను పక్క నుండి కర్రతో నెట్టాలి, ఆ తరువాత రాయిని కూడా అంత ఎత్తు చేసి మళ్లీ నొక్కాలి. చేతిని మాత్రం ఎంత చిన్న సందులోకైనా పోనివ్వకూడదు.

ఆధారం గట్టిగా ఉండడం కూడా అంతే ముఖ్యం. ఉద్దానం నేల ఇసుక నేల. ఆ వారంలోనే నేను తొందరపడి రాయిని నేరుగా ఇసుక మీద పెట్టి నొక్కితే, మొద్దు లేవడానికి బదులు రాయి దిగబడి, మొన జారి, మొద్దు తిరిగి పడి నా కాలి బొటనవేలు నలిగింది. అప్పటి నుండి మెత్తని నేలలో ముందుగా వెడల్పాటి పలకను పరచి, దాని మీద రాయిని ఉంచుతున్నాను. గుండ్రని రాయి దొర్లుతుంది కనుక చదునైన రాయిని ఎంచుకోవాలి. గునపానికి సూటిగా ఎదురుగా ముఖం పెట్టకుండా, కాళ్లు దాని రెండు పక్కలా వేయకుండా, ఒక పక్కకు నిలబడి శరీరపు బరువుతో నొక్కాలి.

రాయి దొరకనప్పుడు మొనను మొద్దు కింద నుండి అవతలి నేలలో ఆనించి, గునపాన్ని పైకి ఎత్తవచ్చు. అప్పుడు నేలే ఆధారమవుతుంది, భారం నడుమ ఉంటుంది. లాభం దాదాపు అంతే ఉన్నా ఒంటి బరువు సాయానికి రాదు, నడుము మీద ఒత్తిడి పడుతుంది. అందుకని బరువును ముందుకు దొర్లించడానికి మాత్రమే ఈ పద్ధతిని ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఇదే సూత్రం ఇంటింటా ఉంది. అడకత్తెరలో పోకచెక్కను కీలుకు దగ్గరగా పెట్టినప్పుడే సులువుగా తెగుతుంది. పలాసలో జీడిగింజల పెంకును కోసే చేతియంత్రంలో కాలితో తొక్కే మీట, అతి గట్టి పెంకును ఒక్క తొక్కుతో చీల్చుతుంది. బావి నుండి నీళ్లు తోడే ఏతాంలో మాను నడుమ భాగం స్తంభం మీద ఆని ఉంటుంది. మనిషి మాను మీద నడుస్తూ చేద వైపుకు వస్తే చేద బావిలోకి దిగుతుంది, వెనక్కి నడిస్తే నీళ్లతో పైకి లేస్తుంది. చేతులతో తోడే బదులు తన ఒంటి బరువునే బలంగా మార్చుకోవడం అందులోని గొప్పదనం. కావిడిలో ఒక పక్క 12 కిలోలు, మరొక పక్క 8 కిలోలు ఉంటే, 5 అడుగుల బద్ద మీద భుజాన్ని బరువు పక్క నుండి 2 అడుగుల దగ్గర, తేలిక పక్క నుండి 3 అడుగుల దగ్గర ఆనిస్తే రెండూ తూగుతాయి.

బలం నడుమ, భారం కొసన ఉండే మీటలు కూడా ఉన్నాయి. వాటిలో బలం ఎక్కువ పడుతుంది, కానీ కొస వేగంగా కదులుతుంది. వాకిలి ఊడ్చే పొడవాటి చీపురు అటువంటిదే. మన ముంజేయి కూడా అటువంటిదే. మోచేతి కీలుకు 4 లేదా 5 సెంటీమీటర్ల దూరంలోనే కండరం అతుక్కుని ఉంటుంది, అరచేయి మాత్రం సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. మోచేతిని వంచి అరచేతిలో 5 కిలోలు పట్టుకుంటే కండరం 35 కిలోలకు పైగా లాగవలసి వస్తుంది. కాబట్టి నిండు గ్యాసు సిలిండరునో నీళ్ల బిందెనో మోసేటప్పుడు చేతులు చాచి పట్టుకోకుండా, ఒంటికి ఆనించి మోచేతులను పక్కలకు దగ్గరగా ఉంచుకోవాలి.