జ్యామితీయ శాన్స్-సెరిఫ్ ఫాంట్: ఎంపిక, వాడకం

వృత్తం, సరళరేఖ, త్రిభుజం వంటి ఆకారాలను ఆధారం చేసుకుని, గీతల చివర సెరిఫ్‌లు (చిన్న అడ్డుగీతలు) లేకుండా అక్షరాలను మలచిన ఫాంట్‌లను జ్యామితీయ శాన్స్-సెరిఫ్‌లు అంటారు. పాల్ రెన్నర్ రూపొందించగా 1927లో జర్మనీలోని బావర్ సంస్థ విడుదల చేసిన ఫ్యూచురా వీటిలో సుప్రసిద్ధమైనది. వృత్తలేఖినితో గీసినట్టు కనిపించే ఈ అక్షరాలు నిజానికి అలా గీసినవి కావు. గుండ్రని ‘ఓ’ను పక్కనున్న ‘హెచ్’తో సరిగ్గా సమానమైన ఎత్తులో గీస్తే అది కంటికి పొట్టిగా తోస్తుంది కాబట్టి, రూపకర్త దానిని ‘హెచ్’ పై అంచునూ కింది అంచునూ కొద్దిగా దాటిస్తాడు. అలాగే ‘బి’, ‘డి’, ‘ఎన్’ వంటి చిన్నబడి అక్షరాలలో వంపు నిలువుగీతను కలిసే చోట మందం తగ్గిస్తాడు. లేకుంటే అక్కడ నల్లటి మచ్చ ఏర్పడుతుంది. అందువల్ల ఫాంట్‌ను ఎంచుకునేటప్పుడు ముందుగా ఈ అక్షరాలను బాగా పెద్దవి చేసి, ఆ కలయికలను పరిశీలించాలి. ఈ సవరణలు లేని ఫాంట్‌లో కూర్చిన పేరా మచ్చలుమచ్చలుగా కనిపిస్తుంది.

తరువాతి పరీక్ష అక్షరాల పోలికకు సంబంధించినది. ‘ఇల్యూజన్’ అనే ఆంగ్ల పదాన్ని పెద్దబడి ‘ఐ’తో మొదలుపెట్టి టైప్ చేసి చూడండి, చాలా ఫాంట్‌లలో మొదటి మూడు అక్షరాలూ మూడు కర్రల్లా నిలబడతాయి. ఒకే గుండ్రంతో ఉండే చిన్నబడి ‘ఎ’ సైతం చిన్న సైజులో ‘ఓ’గా భ్రమింపజేస్తుంది. పాస్‌వర్డ్‌లు, ఖాతా సంఖ్యలు చూపవలసిన చోట, ఈ అక్షరాలకు ప్రత్యామ్నాయ రూపాలున్న ఫాంట్‌నే తీసుకోవాలి.

సైజును అంకెతో కాక, చిన్నబడి ‘ఎక్స్’ ఎత్తుతో పోల్చాలి. ఫ్యూచురాలో ఆ ఎత్తు తక్కువ, ఇదే కోవకు చెందిన మోంట్‌సెరాట్‌లో ఎక్కువ. కనుక రెండింటినీ 16 పిక్సెళ్లలో పెట్టినా ఒకే పరిమాణంలో ఉన్నట్టు అనిపించవు. పెద్ద శీర్షికలలో అక్షరాల మధ్య ఖాళీని కొద్దిగా తగ్గించవచ్చు. పూర్తిగా పెద్దబడిలో రాసిన చిన్న శీర్షికలకు మాత్రం సైజులో 5 నుంచి 10 శాతం వరకు అదనపు ఖాళీ ఇవ్వాలి. పలుచని రకాలు పోస్టర్‌పై ఎంత హుందాగా ఉన్నా ఫోన్ తెరపై వెలిసిపోతాయి.

పేజీల కొద్దీ సాగే పాఠ్యాన్ని ఈ ఫాంట్‌లలో కూర్చడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఒకే వృత్తం పదే పదే ఎదురవుతూ అక్షరాల మధ్య భేదం తగ్గిపోయి, చదివే కన్ను త్వరగా అలసిపోతుంది. శీర్షికలకు దీనిని ఉంచి, పాఠ్యానికి గారమాండ్ వంటి సెరిఫ్ ఉన్న ఫాంట్‌ను జతచేయడం మేలు. తప్పనిసరై పాఠ్యానికీ వాడితే, వరుసల ఎడాన్ని సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచాలి.

లైసెన్స్ సంగతి ముందే చూసుకోవాలి. మోంట్‌సెరాట్, పాపిన్స్ ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉచితంగా లభిస్తాయి. వాణిజ్య ఫాంట్‌లకు ముద్రణకూ వెబ్‌సైట్‌కూ తరచుగా వేర్వేరు అనుమతులు కొనవలసి వస్తుంది.