నీళ్లలో మందుల జాడ – పాఠం 3: కార్ట్రిడ్జ్‌లో పట్టడం

పోయిన పాఠంలో నది నీళ్లను ముదురు రంగు గాజు సీసాలో పట్టి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, గ్లాస్ ఫైబర్ ఫిల్టర్‌తో వడగట్టాం. ఈసారి అందులోంచి మందుల్ని బయటికి లాగాలి.

ముందు చిన్న లెక్క. లీటరుకు 20 నానోగ్రాముల డైక్లోఫెనాక్ (నొప్పి మందు) ఉన్న నీళ్లు అర లీటరు తీసుకుంటే, చేతికొచ్చేది 10 నానోగ్రాములే. అదంతా 1 మిల్లీలీటరు ద్రావణంలోకి దింపితే గాఢత 500 రెట్లవుతుంది. అప్పుడు అణువుల్ని బరువును బట్టి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు తేలిగ్గా దొరుకుతుంది. సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్ చేసేది ఇదే: పాలిమర్ నింపిన చిన్న గొట్టం (కార్ట్రిడ్జ్) గుండా నీళ్లను పంపి, అందులో పట్టుబడ్డ మందుల్ని కొద్దిపాటి ద్రావకంతో దింపడం. ల్యాబుల్లో పొట్టిగా ఎస్‌పీఈ అంటారు.

కొత్తవాళ్లు దెబ్బతినేది పీహెచ్ దగ్గర. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బలహీన ఆమ్లాలు. పీహెచ్ 7 నీళ్లలో వాటికి రుణావేశం ఉంటుంది, నీళ్లను వదిలి రావడానికి ఇష్టపడవు. ఆమ్లం కలిపి పీహెచ్ 2కి దించితే ఆవేశం పోయి, కార్ట్రిడ్జ్‌లోని పాలిమర్‌ను పట్టుకుంటాయి. ప్రొప్రనోలోల్ (బీపీ మందు) లాంటి క్షారాలది తిరగబడిన కథ. ఫిట్స్‌కు వాడే కార్బమజెపైన్‌కు మాత్రం ఆవేశమే ఉండదు కాబట్టి ఈ గొడవే లేదు. అందుకే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 2007లో ఇచ్చిన 1694 పద్ధతిలో కొన్ని మందులకు పీహెచ్ 2, మరికొన్నింటికి పీహెచ్ 10 వాడతారు. టెట్రాసైక్లిన్లు (ఒక రకం యాంటీబయాటిక్‌లు) వెతుకుతుంటే లోహాల్ని పట్టేసే ఈడీటీఏ అనే రసాయనం కలపండి, లేకపోతే అవి కాల్షియంకు అతుక్కుపోతాయి.

ఇక పని. ఐసోటోప్ గుర్తున్న సరోగేట్‌ను, అంటే బరువైన అణువులతో చేసిన అదే మందును, తెలిసిన మోతాదులో శాంపిల్‌లో ముందే కలపాలి. దారిలో ఎంత పోయిందో అదే చెబుతుంది, చివర్లో కలిపితే దండగ. హెచ్‌ఎల్‌బీ (పైన చెప్పిన పాలిమర్ రకం) కార్ట్రిడ్జ్‌ను మిథనాల్‌తో, తర్వాత నీళ్లతో తడపండి. శాంపిల్‌ను నిమిషానికి 5 మిల్లీలీటర్ల చొప్పున, చుక్కచుక్కగా పోనివ్వండి. తొందరపడి వాక్యూమ్ పెంచితే సగం మందు కిందికి జారిపోవచ్చు. తర్వాత నీళ్లతో కడిగి, గాలితో ఆరబెట్టి, మిథనాల్‌తో దింపండి. నైట్రోజన్ కింద ఆవిరి చేసేటప్పుడు పూర్తిగా ఎండనివ్వకండి.

అన్నట్టు, బ్లాంక్‌లో (నది నీళ్ల బదులు శుద్ధమైన నీళ్లతో ఇదే పని చేసిన శాంపిల్‌లో) కెఫీన్ కనిపిస్తే నదిని తిట్టకండి, మీరు తాగిన కాఫీని అనుమానించండి!

అభ్యాసం: సరోగేట్ 50 నానోగ్రాములు కలిపితే 35 తిరిగొచ్చింది. అదే ద్రావణంలో డైక్లోఫెనాక్ 7 నానోగ్రాములు తేలింది. అర లీటరు శాంపిల్. నదిలో లీటరుకు ఎంత ఉన్నట్టు? వచ్చిన జవాబును పైన వేసిన లెక్కతో పోల్చుకోండి. వచ్చే పాఠంలో బురద.