తుప్పు వదిలించే మొలాసిస్
చిత్తూరులో మా 1960ల నాటి స్టాండర్డ్ హెరాల్డ్ కారును విప్పినప్పుడు, ఛాసిస్‌కు (అడుగు చట్రానికి) బాడీని పట్టి ఉంచే బ్రాకెట్ల మూలల్లోకి వైరు బ్రష్షు దూరక, ఎంత గీకినా తుప్పు వదల్లేదు. పశువుల దాణా అంగడిలో దొరికే మొలాసిస్ (చక్కెర తయారీలో మిగిలే నల్లని చిక్కటి పాకం) ఒక లీటరుకు తొమ్మిది లీటర్ల నీళ్లు కలిపి, గ్రీజు కడిగిన ఇనుప భాగాలను ప్లాస్టిక్ డ్రమ్ములో పూర్తిగా మునిగేలా రెండు వారాలు ఉంచితే, తుప్పు నల్లని బురదలా మెత్తబడి నీళ్ల ధారకే రాలిపోతుంది. బోల్టు మరలు సైతం స్పష్టంగా బయటపడతాయి. ద్రావణం పులిసి ఘాటుగా వాసన వేస్తుంది కాబట్టి డ్రమ్మును పెరట్లో పెట్టి మూత వదులుగా ఉంచాలి. కడిగి ఆరబెట్టిన వెంటనే ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయకపోతే తుప్పు మళ్లీ పొడచూపుతుంది. అల్యూమినియం, జింకు పోత భాగాలను మాత్రం ఇందులో వేయకూడదు, ద్రావణం వాటిని తినేస్తుంది.