కిడ్నీ జబ్బు వచ్చాక పని మానాలా, పింఛనుకు పెట్టాలా

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలు కలిసిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో క్రియాటినిన్ అన్న మాట వినని ఇల్లు అరుదు. కిడ్నీలు వడపోయవలసిన వ్యర్థం అది; రక్తంలో ఎక్కువైందంటే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని అర్థం. రక్తపరీక్షలో ఆ అంకె పెరిగిందని తెలియగానే, ఇక పని మానిపించి పింఛనుకు పెడదామా, ఓపిక ఉన్నన్నాళ్లూ చేయనిద్దామా అన్న చర్చ ఇంట్లో మొదలవుతుంది. ప్రశ్నను ఇలా రెండు ముక్కలు చేసి అడగడం వల్లనే చాలా కుటుంబాలు నష్టపోతున్నాయని నా అభిప్రాయం. మన ఆంధ్రప్రదేశ్‌లో కిడ్నీ జబ్బుకు ఇచ్చే పింఛను కోసం పని మానేసి ఉండనక్కరలేదు. జబ్బు తీవ్రత, కుటుంబం ఆదాయం, ఆస్తి వంటివి చూస్తారు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవారి విషయంలోనైతే ముఖ్యమైన హక్కులన్నీ ఉద్యోగంలో ఉన్నంతకాలమే వర్తిస్తాయి. అందువల్ల ముందుగా తేల్చుకోవలసినవి ఏ పని చేయవచ్చు, ఎంతసేపు చేయవచ్చు, ఏ కాగితం ముందు పెట్టాలి అన్న మూడు సంగతులు.

మొదట వెళ్లవలసింది కిడ్నీ వైద్యుల దగ్గరికి. అక్కడ "పని చేయవచ్చా" అని మాత్రమే అడిగితే "బరువు పనులు వద్దు" అన్న జవాబు వస్తుంది, దానితో ఎవరూ ఒక నిర్ణయానికి రాలేరు. గత ఏడాది, రెండేళ్ల రిపోర్టులన్నీ తేదీల వరుసలో పెట్టి, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వడపోస్తున్నాయో చెప్పే అంకె) ఎంత వేగంగా తగ్గుతోందో, ఇదే తీరులో సాగితే డయాలసిస్ (యంత్రంతో రక్తం శుద్ధి చేయడం) దాకా సుమారుగా ఎంత వ్యవధి ఉండవచ్చో అడగండి. తర్వాత చేస్తున్న పనిని ఉన్నదున్నట్టు వివరించండి. "కూలి పని" అంటే వైద్యులకు ఏమీ తెలియదు. కొబ్బరి చెట్టెక్కి దింపడం వేరు, నీడలో కూర్చుని కాయ ఒలవడం వేరు; పలాస జీడి పరిశ్రమల్లో వేపుడు దగ్గర వేడిలో నిలబడడం వేరు, కూర్చుని పప్పు పొట్టు తీయడం వేరు. ఎండలో ఎన్ని గంటలు ఉంటారు, ఎంత బరువు ఎత్తుతారు, రాత్రి డ్యూటీలు ఉన్నాయా అన్నవన్నీ చెప్పాలి. ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి వేసుకునే మాత్రల సంగతి కూడా దాచకుండా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. మరునాడు పనికి వెళ్లడానికి రాత్రి ఆ మాత్ర వేసుకోక తప్పని పరిస్థితి వచ్చిందంటే, కూలి ఎంత వచ్చినా ఆ పని వదిలేయవలసిన పనే.

ఎండ విషయంలో ఒక తేడాను గుర్తించాలి. డయాలసిస్ దశకు ఇంకా చేరని మనిషి ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు తాగకపోతే కిడ్నీల మీద భారం పెరుగుతుంది. డయాలసిస్ మొదలై మూత్రం తగ్గిపోయిన మనిషి అదే ఎండలో దాహానికి ఆగలేక నీళ్లు తాగితే, ఆ నీరు ఒంట్లోనే నిలిచి కాళ్ల వాపు, ఆయాసం వస్తాయి. జబ్బు ముదిరినవారిలో రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా పెరగవచ్చు కాబట్టి, కొబ్బరి తోటలో ఊరికే దొరికే కొబ్బరి నీళ్లు కూడా వైద్యులను అడగకుండా తాగకూడదు. ఏ దశలో ఉన్నవారికైనా నీడలో, కూర్చుని చేసే పని దొరికితే దానికి మారడం మంచిది.

అన్నిటికన్నా కష్టమైనది మధ్య దశ. ప్రభుత్వ నిబంధనల ప్రకారం, డయాలసిస్ చేయించుకోనివారికి నెలకు 10,000 రూపాయల పింఛను రావాలంటే సీరం క్రియాటినిన్ 5 దాటి ఉండాలి, లేదా ఈజీఎఫ్ఆర్ 15 కన్నా తక్కువ ఉండాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోయినట్టు తేలాలి. డయాలసిస్ మీద ఉన్నవారికీ, కిడ్నీ మార్పిడి జరిగినవారికీ ఇదే మొత్తం వస్తుంది. క్రియాటినిన్ 3 దగ్గర ఉన్న మనిషి బస్తాలు మోయలేడు, కానీ మిగతా రెండు షరతుల్లో ఏదో ఒకటి వర్తిస్తే తప్ప పింఛనుకు అర్హుడు కాడు. కొన్నిసార్లు ఏళ్ల తరబడి సాగే ఈ కాలంలోనే కుటుంబాలు అప్పుల్లో పడతాయి. జబ్బు తెలిసిన వెంటనే పని పూర్తిగా మానేస్తే ఈ కాలమంతా ఏ ఆధారమూ ఉండదు. పాత పనినే పంతంగా కొనసాగిస్తే ఈ కాలం కాస్తా కుదించుకుపోతుంది. పని మానడం గురించి కాక, పని మారడం గురించి ఆలోచించవలసిన సమయం ఇది. యజమానితోనో మేస్త్రీతోనో మాట్లాడి తేలిక విభాగానికి మారడం, వలస వెళ్లినవారు వైద్యం దొరికే చోటికి తిరిగి రావడం, రక్తపోటును, చక్కెరను అదుపులో ఉంచుకోవడం, డయాలసిస్ దగ్గరపడుతుంటే చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలను కలిపే చిన్న ఆపరేషన్) ముందుగానే వేయించుకోవడం ఇప్పుడే జరగాలి. ఫిస్టులా పక్వానికి రావడానికి కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు పడుతుంది. సాధారణంగా తక్కువగా వాడే చేతికే వేస్తారు. అయినా ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు, దానికి బీపీ పట్టీ చుట్టనివ్వకూడదు, సూది వేయనివ్వకూడదు.

పింఛనుకు పెట్టేముందు కుటుంబానికి వర్తించే షరతులు చూసుకోండి. నెల ఆదాయం పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదు. భూమి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్టకు లోబడి ఉండాలి. కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉండకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల వాహనం ఉండకూడదు. దరఖాస్తు గ్రామ, వార్డు సచివాలయంలోనే ఇవ్వాలి.

ఇక్కడ చాలామంది వైకల్య శాతాన్ని ధ్రువీకరించే సదరం శిబిరం చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకుంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో చేర్చిన 21 వైకల్యాల్లో కిడ్నీ జబ్బు లేదు. కాబట్టి కిడ్నీ జబ్బు ఒక్కటే ఉన్నవారికి సదరం శాతం రాదు, వారి పింఛనుకు ఆసుపత్రి రిపోర్టులే ఆధారం. పక్షవాతం వంటి వాటివల్ల కాళ్లూచేతులూ ఆడని వైకల్యం, పార్కిన్సన్స్, సికిల్ సెల్ వంటివి ఆ చట్టంలో ఉన్నాయి. అటువంటి జబ్బు వల్ల 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్నట్టు తేలితే సదరం దారిలో వెళ్లాలి.

పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లోనో, విజయనగరం జిల్లా జూట్ మిల్లుల్లోనో పనిచేస్తూ జీతంలో ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా), పీఎఫ్ (భవిష్య నిధి) కోత పడుతున్నవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఎవరు ఎంత ఒత్తిడి చేసినా రాజీనామా మీద ముందుగా సంతకం పెట్టకండి. ఈఎస్ఐ కింద అనారోగ్య సెలవులకు ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం ఇస్తారు. దానికి ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం ఈఎస్ఐ వారి 34 దీర్ఘవ్యాధుల జాబితాలో ఉంది కాబట్టి, రెండేళ్ల సర్వీసు, తగిన చందా ఉన్నవారికి వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల వరకు ఆ ప్రయోజనం పొడిగించే వీలుంది. అనారోగ్య ప్రయోజనం పొందుతున్న కాలంలో యజమాని ఉద్యోగం నుంచి తొలగించకూడదని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఈఎస్ఐ చట్టం 73వ సెక్షను చెప్పింది; ఇప్పటి నియమం ఏమిటో ఈఎస్ఐ కార్యాలయంలో అడగండి. సెలవు ధ్రువీకరించిన రోజుల్లో మాత్రం వేరే చోట కూలికి వెళ్లకూడదు. ఈఎస్ఐ ఇచ్చే శాశ్వత వైకల్య ప్రయోజనం పనిలో జరిగిన గాయానికీ, వృత్తి వల్ల వచ్చే జబ్బులకూ పరిమితం. మామూలుగా వచ్చిన కిడ్నీ జబ్బుకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

పీఎఫ్‌తో పాటు ఉన్న 1995 నాటి పెన్షను పథకంలో, ఉద్యోగంలో ఉండగా, చేస్తున్న పనికి శాశ్వతంగా, పూర్తిగా అశక్తులైనవారికి ఒక్క నెల చందా ఉన్నా వైకల్య పెన్షనుకు అర్హత ఉంటుంది. పదేళ్ల సర్వీసు నియమం దానికి వర్తించదు. కనీస పెన్షను 1,000 రూపాయలే కాబట్టి దీని మీదే ఇల్లు గడవదు, కానీ జీవితాంతం వచ్చే సొమ్మును ఒక తొందరపాటు సంతకంతో వదులుకోవడం న్యాయం కాదు. ముందు ఈఎస్ఐ సెలవు, ఆ సెలవులో ఉండగానే మెడికల్ బోర్డు ధ్రువీకరణ, ఆ తర్వాతనే ఉద్యోగం వదలడం గురించిన ఆలోచన.

డయాలసిస్ మొదలయ్యాక లెక్క మారుతుంది. సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున చేస్తారు. రానుపోను ప్రయాణం, ఆ తర్వాతి నీరసం కలిపితే ఆ మూడు రోజులూ పని రోజులు కావు. ఒక కాగితం తీసుకుని, మిగిలిన రోజుల్లో నిజంగా వచ్చే కూలిని ఒక పక్క రాయండి. ఆటో ఖర్చు, తోడు వచ్చేవారు పోగొట్టుకునే కూలి, ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవలో రాని మందుల ఖర్చు రెండో పక్క రాయండి. తోడు వచ్చేవారి కూలిని చాలామంది లెక్కలోకే తీసుకోరు, తీరా చూస్తే తరచుగా అదే పెద్ద నష్టం. సోంపేట, పలాస వంటి కేంద్రాల్లో ఏ పూట మెషీను దొరుకుతుందన్నదాని మీద కూడా పని ఆధారపడుతుంది. ఉదయం షిఫ్టు కావాలంటే సిబ్బందిని ముందే అడిగి పేరు రాయించుకోవాలి. చేయగలిగే తేలిక పని దొరికి, మనసుకు ఊరటగా ఉంటే పింఛనుతో పాటు కొనసాగించవచ్చు, కుటుంబ ఆదాయ పరిమితిని మాత్రం గమనించుకోవాలి.

జబ్బు పడినది ఇంటి ఇల్లాలైతే, జీడి పనికి వెళ్లడం మానిపించగానే ఆమెకు విశ్రాంతి దొరికిందని అందరూ అనుకుంటారు. బిందెలతో నీళ్లు మోయడం, పశువుల చాకిరీ, పొయ్యి దగ్గర వంట అలాగే ఉంటే ఆమె మానినది కూలి డబ్బులు వచ్చే పని ఒక్కటే. ఆమె పని మానాలా వద్దా అని నిర్ణయించే రోజున, ఇంటి పనిలో ఏది ఎవరు తీసుకుంటారో కూడా పేరుపేరునా తేల్చాలి.

ఒకసారి తీసుకున్న నిర్ణయాన్ని కొత్త రిపోర్టు వచ్చినప్పుడల్లా తిరిగి చూసుకోండి. కిడ్నీ మార్పిడి విజయవంతమైనవారిలో చాలామంది తేలిక పనులకు తిరిగి వెళ్లగలుగుతారు. పింఛను దరఖాస్తును తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. రిపోర్టులో అంకె అర్హతకు చేరకపోవడమా, భూమి లేదా కరెంటు లెక్కలో పొరపాటా అన్నది దానితో తేలుతుంది. పొరపాటైతే ఆ కాగితం, తాజా రిపోర్టుల నకళ్లు పట్టుకుని సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, దాని రసీదు నంబరు భద్రపరచుకోండి.