సైన్స్ ఫిక్షన్ మిస్టరీ నవల ఎలా చదవాలి?

ఐజాక్ అసిమోవ్ రాసిన ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’ను కడప ఎండాకాలపు మధ్యాహ్నాల్లో ఎన్నోసార్లు చదివాను, తెలిసిన పిల్లలచేత చదివించాను. అందరూ ఒకే చోట తప్పటడుగు వేస్తున్నారు. ఇది చూసి చూసి విసిగి రాస్తున్నాను.

కావలసినవి పుస్తకం, పెన్సిలు, ఒక నోటుపుస్తకం. పెన్ను పనికిరాదు, రాసింది చెరపాల్సి వస్తుంది. ఫోనులో చదవకండి. పాత పేజీలో వేలు పెట్టుకుని ముందుకు చదవడం కాగితం మీదే కుదురుతుంది. వెనక అట్ట మీది రాత కూడా చదవవద్దు.

మొదటి మూడు అధ్యాయాలు ఏకబిగిన చదివేయండి. డిటెక్టివ్ ఎలైజా బెయిలీ, అతనికి జోడీగా వచ్చిన మనిషి రూపంలోని రోబో డేనీల్, హత్యకు గురైన శాస్త్రవేత్త. పేర్లు రాసుకుంటే చాలు.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. అపరాధ పరిశోధన నవలలకు అలవాటుపడినవారు వెంటనే అనుమానితుల పట్టిక వేస్తారు. కథ జరిగే భవిష్యత్ నగరంలోని కదిలే దారులు, ఈస్టుతో చేసిన తిండి, ఉమ్మడి భోజనశాలలు వచ్చే పేజీలను వర్ణనలనుకుని దాటేస్తారు. సాక్ష్యాలన్నీ ఆ పేజీల్లోనే ఉంటాయి. సైన్స్ ఫిక్షన్‌లో మిస్టరీ కుదరదని, ఎందుకంటే చివర్లో ఏదో కొత్త యంత్రం తీసి చిక్కు విప్పేయవచ్చని సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ వాదించేవాడు. దానికి అసిమోవ్ ఇచ్చిన జవాబే 1954లో పుస్తకంగా వచ్చిన ఈ నవల. ఆ లోకపు నియమాలన్నీ పాఠకుడికి ముందే చెప్పేశాడు.

అందుకే నోటుపుస్తకంలో ఎడమ పేజీలో ‘ఇక్కడ సాధ్యం’, కుడి పేజీలో ‘ఇక్కడ అసాధ్యం’ అని రాసి, ప్రతి నియమం పక్కన పేజీ అంకె వేయండి. అసిమోవ్ కథల్లో రోబోలన్నీ కట్టుబడి ఉండే మూడు రోబో సూత్రాలనూ పూర్తిగా రాయండి. మొదటి సూత్రాన్ని ‘మనిషికి హాని చేయదు’ అని కుదించకండి. ‘చేతులు కట్టుకుని చూస్తూ హాని జరగనివ్వదు’ అన్న రెండో సగం వదిలేస్తే లెక్క తప్పుతుంది. ‘రోబో అబద్ధం చెప్పదు’ వంటి సొంత నియమాలు చేర్చకండి, ఆ మూడు సూత్రాల్లో ఆ మాట లేదు. ఒక పాత్ర నోట వచ్చిన మాటైతే పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. పాత్ర నమ్మినదంతా నిజం కానక్కరలేదు.

మరొక జాగ్రత్త. ఆ నగరవాసులు పుట్టినప్పటి నుంచీ పైకప్పు కిందే బతుకుతారు, ఆరుబయలంటే వాళ్లకు వణుకు. వేసవి రాత్రుల్లో మిద్దె మీద చాప వేసుకుని చుక్కల కింద నిద్రపోయే మనకు ఆ భయం విడ్డూరంగా తోస్తుంది, అందుకే తేలిగ్గా తీసుకుంటాం. ఆ భయం గురించిన పేజీలను మిద్దె మీద కూర్చునే చదవండి. ఒక మనిషి ఆ ఆకాశం కిందికి ఒంటరిగా అడుగుపెట్టడం ఎంత పెద్ద విషయమో అప్పుడు తెలుస్తుంది.

నియమాలు పోగయ్యాకే అనుమానితుల పట్టిక. ముందు పట్టిక వేసినవాళ్లు తమకు నచ్చని పాత్రనే దోషిగా తేలుస్తారు.

మొత్తం పద్దెనిమిది అధ్యాయాలు. పదహారోది పూర్తికాగానే పుస్తకం మూసేయండి. ఎవరు, ఎందుకు, ఏ దారిన అనే మూడింటికీ జవాబు రాసి ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు మిగతా రెండు చదవండి. జవాబు తప్పితే ప్రశ్నార్థకం పెట్టిన పేజీలకు వెళ్లి, ఎక్కడ జారారో వెతికి పట్టుకోండి. ఆ తరువాతే బెయిలీ, డేనీల్‌ల రెండో నవల ‘ది నేకెడ్ సన్’ తెరవాలి.